తలకు కట్టిన రుమాలు

మొన్నీమధ్య మా మేనల్లుడి కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించారు. ఆర్మూర్ గుట్ట మీద, గుడి దగ్గర, ఎండ ముదరక ముందే, చుట్టాలు పదిమంది దాకా చేరారు. పిల్లవాడి మేనమామ ఖతర్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదట. దానికి ఎవరూ పెద్దగా కలవరపడలేదు. పిల్లవాడిని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో నీళ్ళ సీసాకు ఆనించి ఫోన్ నిలబెట్టారు, అందులో హెల్మెట్ పెట్టుకున్న మేనమామ కనిపించి, వెనుక ఏదో యంత్రం రొద పెడుతుంటే, "కానియ్యుండ్రి, కానియ్యుండ్రి, నాకు డ్యూటీకి టైమైతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. క్షురకుడు మొదటి కుచ్చు కత్తిరించి పళ్ళెంలో వేశాడు.

సరిగ్గా అప్పుడే మా అన్న లేచి మెట్ల వైపు వెళ్ళిపోయాడు. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి, ఎండకు ఓర్చుకోలేకపోయాడని అందరూ అనుకున్నారు. నేను అలా అనుకోలేదు. ఎందుకనుకోలేదో చెప్పాలంటే నలభై ఏళ్ళ వెనక్కి, మా అవ్వ దగ్గరికి వెళ్ళాలి. కన్నతల్లిని మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం.

అవ్వకు చదువు లేదు కానీ వెంట్రుకల విషయంలో మాత్రం మాట తప్పుగా వాడితే ఊరుకునేది కాదు. మేకకు ఉండేది బొచ్చు, గొర్రెకు ఉండేది ఉన్ని, గుర్రానికి జూలు. బెండకాయ మీద చేతికి గరుకుగా తగిలేది నూగు, మక్క కంకి కొసన వేలాడేది పీచు. పసుపు కొమ్ముకు పట్టుకుని ఉండే సన్నటి వేళ్ళను కూడా ఆమె బొచ్చనే అనేది, ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములను గోనెపట్టా మీద రాకి ఆ బొచ్చు పోగొట్టడం మా చిన్నతనంలో ఇంటిల్లిపాదికీ పని, ఇప్పుడు డ్రమ్ములో వేసి తిప్పితే క్షణాల్లో నున్నగా బయటికి వస్తున్నాయి. ఇక మనిషి తల దగ్గరికి వస్తే ఆమె లెక్కలు మరీ సూక్ష్మంగా ఉండేవి. తల మీద ఉన్నంతసేపు జుట్టు, అన్నంలో కనబడితే ఎంటిక, దువ్వెనలో మిగిలితే చిక్కు, దేవుడికిస్తే తలనీలాలు. చిక్కును ఉండచుట్టి గోడ సందులో దాచేది, ఎంటికలకు సామాను ఇచ్చేవాడు వీధిలో అరిస్తే తీసుకుపోయి పిన్నులనో, చిన్న గిన్నెనో తెచ్చుకునేది.

అప్పటికే నేను ఒక దినపత్రికకు ఆర్మూర్ నుంచి వార్తలు పంపుతున్నాను. మేము రోడ్డు ప్రమాదాలు రాస్తూ "వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు" అని రాసేవాళ్ళం. ఒకసారి అవ్వకు చదివి వినిపిస్తే, ఎవరి ఎంటిక, ఆడమనిషిదా మొగమనిషిదా అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

మేము ముగ్గురం. అన్న పెద్ద, తర్వాత అక్క, ఆఖరున నేను. అక్కను ధర్పల్లి వైపు ఒక రైతు ఇంటికి ఇచ్చారు. చాలా ఏళ్ళు పిల్లలు కలగక, ఎక్కని గుడి మెట్టు లేదన్నట్టు తిరిగాక ఒక కొడుకు పుట్టాడు. వాడు కడుపులో ఉన్నప్పుడే అవ్వ మొక్కుకుంది, పుట్టువెంట్రుకలు పెద్ద మేనమామ ఒళ్ళోనే తీయించాలని. అన్న అప్పటికి గల్ఫ్‌కు పోయి కొద్ది నెలలే. రెండేళ్ళలో వస్తాడు, అప్పటికి పిల్లవాడి జుట్టు కాస్త ఒత్తుగా అవుతుంది, అంతే కదా అనుకున్నాం.

రెండేళ్ళు అయ్యాయి, మూడో ఏడు కూడా వెళ్ళింది. అన్న పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయింది. మక్కలు కోసేనాటికి వస్తానని కబురు, ఆ తర్వాత పసుపు తవ్వేనాటికి వస్తానని కబురు. మేనల్లుడి జుట్టు మెడ దాటి వీపు మీదికి దిగింది, అక్క రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేది. వాడు అంగడికి వస్తే కూరగాయలమ్మేవాళ్ళు పోరీ అని పిలిచేవాళ్ళు, వాడు నిక్కరు చూపించి నేను పోరడ్ని అని గొడవ పడేవాడు. బడిలో వేసే ఈడొచ్చింది. బడి పంతులు నవ్వుతూనే, జడలతో వస్తే ఆడపిల్లల వరుసలో కూర్చోబెడతానన్నాడు.

అక్క అత్తగారు మాటకారి. ఒకసారి మా ఇంటికొచ్చి, చాయ తాగుతూ, నన్ను పైకీ కిందికీ చూసి అవ్వతో అంది.

"ఏం వదినా, గీ చిన్నోడు మామ గాడా? వీనికి ఒడి లేదా? పేపర్ల రాసేటోల్లకు ఒడి ఉండదా ఏంది?"

"ఉంటది వదినా. కానీ పెద్దోడు ఉండంగ చిన్నోని ఒళ్ళె కూసోవెడితే, పెద్దోడు లేడన్నట్టు గాదా."

"దుబాయ్ పోయినోడు ఉన్నట్టా, లేనట్టా?"

అవ్వ చాయ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. కానీ మాకందరికీ అర్థమైంది. ఆ పిల్లవాడి తల మీద జుట్టు ఉన్నంతకాలం అన్న వస్తాడు. అది తీసేస్తే, ఇక రాడని మేమే ఒప్పుకున్నట్టు. అవ్వ బయటికి చెప్పని లెక్క అదే, వాడి జడలు ఊగుతుంటే ఆమెకు ధైర్యం.

అలా ఉండగా పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా బాపు, అంటే నాన్న, పోయాడు. పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు వాలాడు. పెద్దకొడుకు చేయవలసినవన్నీ నేను చేశాను, కర్మనాడు తల గొరిగించుకున్నాను. ఆ రోజులు నాకు సరిగా గుర్తు లేవు, గుర్తున్నది తల మీద గాలి తగలడం ఒక్కటే.

అన్నకు చెప్పాలా వద్దా అన్నది ప్రశ్న. మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, చెప్పవద్దన్నాడు.

"చెప్తే వాడు రాలేడు, ఆడ ఉండలేడు. ఏం ఫాయిద? వచ్చినంక ఎట్లయినా తెలుస్తది."

ఆ రోజుల్లో మన వైపు చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. ఉత్తరంలో అందరూ క్షేమం అని రాసి, సెలవుపై వచ్చినవాడిని బస్సు దిగిన తర్వాత, ఇంటికి నడిపించుకొస్తూ దారిలో మెల్లగా చెప్పేవాళ్ళు. మేమూ అలాగే అనుకున్నాం.

పక్క ఊరి మనిషి ఒకాయన అన్నతో పాటు ఒకే క్యాంపులో ఉండేవాడు. సెలవు ముగిసి తిరిగి పోతున్నాడని తెలిసి, అవ్వ అతని చేత నోరు విప్పనని ఒట్టు వేయించుకుంది. మామిడికాయ తొక్కు, కారప్పొడి కట్టింది. అన్న ఎప్పటినుంచో మేనల్లుడి జడల ఫొటో పంపమంటున్నాడు కాబట్టి అవ్వ, అక్క, నేను వాడిని తీసుకుని ఆర్మూర్ బస్టాండు దగ్గరి స్టూడియోకు వెళ్ళాం. అక్కడ లైట్లు వేయగానే పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు, నా ఒళ్ళో తప్ప కూర్చోనన్నాడు. నేనేమో గుండుతో ఉన్నాను. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, చేతిసంచిలోంచి బాపు రుమాలు తీసి నా తలకు చుట్టింది. ముదురంచు తెల్ల రుమాలు, పొలానికి పోయినా పెళ్ళికి పోయినా బాపు తల మీద అదే ఉండేది, ఆయన పోయాక అవ్వ దాన్ని సంచిలో పెట్టుకుని తిరుగుతోందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఏం రిపోర్టర్ సాబ్, సర్పంచ్‌కు నిలవడ్తున్నవా?" అని స్టూడియో అతను నవ్వాడు. మేమూ నవ్వాము. ఫొటో బాగా వచ్చింది, గుండు ఏమాత్రం కనబడలేదు. తండ్రి తల మీది రుమాలు తమ్ముడి తల మీదికి ఎప్పుడు వస్తుందో ఏ కొడుక్కయినా తెలుస్తుందన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. గుండు దాచాలన్న తొందరలో ఉన్నాం.

తర్వాత అన్న నుంచి ఉత్తరాలు వచ్చాయి, మునుపటిలాగే. పసుపు ఎట్లుంది, బోరుల నీళ్ళు ఉన్నాయా. బాపు ఎట్లున్నడని మాత్రం అడగలేదు. మేము అది గమనించలేదు, గమనించినా మరిచిపోయాడులే అనుకుని ఉంటాం.

ఏడాది తిరగక ముందే ఆ పక్క ఊరి మనిషి మళ్ళీ వచ్చాడు. వాళ్ళ ఇంట్లో ఏదో అవసరంపడి ముందే రావలసి వచ్చిందట. ఒక పాలపొడి డబ్బా అవ్వ ముందు పెట్టి, అరుగు మీద కూర్చుని, చాయ తాగకుండా గ్లాసు పట్టుకునే ఉన్నాడు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు పాలపొడి తేవడం మామూలే. పిల్లవాడి కోసం పంపాడనుకుని అవ్వ మూత తీసి చెయ్యి పెట్టింది.

చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత బయటికి తీసింది. వేళ్ళ మధ్య జుట్టు ఉంది.

"నేను చెప్పలే పెద్దవ్వా," అన్నాడు ఆ మనిషి. "నా పిల్లల మీద ఒట్టు, ఒక్క ముక్క చెప్పలే. ఫొటో చూసిండు. చానసేపు చూసుకుంట గూసున్నడు. బాపు రుమాలు వీని నెత్తికెందుకున్నదిరా అన్నడు. నేను తల వంచుకున్న. తెల్లారి శుక్రారం, సుట్టి. బ్లేడు తెచ్చి నా చేతుల వెట్టిండు. నల్లా కాడ గూసొవెట్టి నేనే గీసిన. ఒక్కటి గూడ కింద వడనియ్యలే."

తలెత్తకుండానే మిగతాది చెప్పాడు.

"గంగల కలపమన్నడు. ఇంకోటి గూడ చెప్పిండు. పిల్లగాన్ని ఇంక ఆపకుండ్రట. తమ్ముని ఒళ్ళె కూసోవెట్టి తీయించుండ్రి అన్నడు."

మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. అవ్వ ఏడవలేదు. నేనూ ఏడవలేదు, ఏడవాలని కూడా అనిపించలేదు, చెవుల్లో దూది పెట్టుకున్నట్టుగా ఉండింది. ఆమె ఆ జుట్టును వెలుతురులోకి పెట్టి, వేళ్ళతో విడదీసి చూసి, ఒక్క మాట అంది.

"గప్పుడే తెల్లవడ్డయి."

అన్నకు అప్పటికి ముప్పై నిండలేదు. ఆమె ఆ వెంట్రుకలను మళ్ళీ డబ్బాలో వేసి, మూత పెట్టి, బియ్యం గుమ్మి పక్కన పెట్టింది. ఇన్ని రకాల వెంట్రుకలకు ఇన్ని పేర్లు చెప్పిన మనిషి, ఆ డబ్బాలో ఉన్నదాన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. నన్ను పిలిచి, "గది పట్టుకో, పోదాం" అంది.

బస్సులో డబ్బా ఆమె ఒళ్ళోనే ఉంది. కండక్టర్ పాలపొడి ఎక్కడిదవ్వా అంటే, నా కొడుకు పంపిండని చెప్పింది. గంగలో మోకాలిలోతుకు దిగి ఆమే వదిలింది. వెంట్రుకలు వెంటనే మునగలేదు, మక్క పీచులాగా చుట్టుకుని, కొంతదూరం నీళ్ళ మీదే పోయాయి. ఆమె ఖాళీ డబ్బాను కడిగి ఇంటికి తెచ్చింది, చాలాకాలం అందులో మెంతులు పోసేవాళ్ళం.

బాపు ఏడాది మాసికం అయ్యాక, అదే గుట్ట మీద, మేనల్లుడిని నా ఒళ్ళో కూర్చోబెట్టారు. అక్క అత్తగారు ఆనాడు ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు, పళ్ళెం ఆమే పట్టుకుంది. జడలు రెండూ కత్తిరించేసరికి వాడు తల తడుముకుని నవ్వి, కాసేపటికి నా వైపు తిరిగి, "ఇగ దుబాయ్ మామ నన్ను గుర్తువడ్తడా?" అని అడిగాడు. గుర్తుపడతాడని అందరం చెప్పాం. అవ్వ మాత్రం వాడి గుండు మీద గంధం రాస్తూ దూరంగా రోడ్డు వైపు చూడలేదు. అంతకు ముందు అన్నేళ్ళూ బస్సు చప్పుడైతే చూసేది.

అన్న వచ్చాడు, చాలా ఏళ్ళ తర్వాత. అప్పటికి మేనల్లుడికి నూనూగు మీసం వచ్చింది, అన్నకు ముందు జుట్టంతా ఊడిపోయింది. బస్సు దగ్గరికి వెళ్ళాను కానీ దారిలో మెల్లగా చెప్పవలసింది ఏమీ లేదు. సంచులు మోసుకుంటూ ఇద్దరం నడిచాం. అవ్వ ఆ బట్టతల మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచి, అన్నం పెడతానని లోపలికి వెళ్ళింది. రుమాలు మాట, డబ్బా మాట ఆమె పోయేవరకు కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు రోజులు వేరు. ఇంట్లో మనిషి పోతే అంబులెన్సు కన్నా ముందు ఫోన్ పోతోంది. ఖతర్‌లో ఉన్నవాడు చితి మంట కూడా చూస్తున్నాడు, చూసి డ్యూటీకి పోతున్నాడు. ఎవరి తలకూ రుమాలు చుట్టి దాచవలసిన పని లేదు. ఆర్మూర్‌లో సెలూన్ల బోర్డులన్నీ హెయిర్ అనే ఒక్క మాట మీదే నడుస్తున్నాయి, మా మనవరాలు కంకి పీచును కూడా కార్న్ హెయిర్ అంటుంది, నేను సరిదిద్దడం మానేశాను. ఇదంతా మంచికో చెడుకో నాకు తెలియదు. ఇన్నేళ్ళు వార్తలు రాసినవాడిని, తెలియనిది తెలిసినట్టు రాయలేను.

మొన్న గుట్ట మీద, ఫోన్‌లో మేనమామ డ్యూటీకి పోయాక, నేను అన్నను వెతుక్కుంటూ వెళ్ళాను. మెట్ల పక్కన బండ నీడలో కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. కింద ఆర్మూర్ అంతా కనబడుతోంది, ఎండబోసిన పసుపు, హైవే మీద లారీలు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"గవి గంగల కలిపిండ్రా మీరు?"

"కలిపినం అన్నా. అవ్వనే కలిపింది."

నలభై ఏళ్ళ నుంచి ఆయన దగ్గర ఆ ఒక్క ప్రశ్న ఉందని నాకు తెలియదు. తల ఊపి, భుజం మీది తువ్వాలతో బట్టతల తుడుచుకుని, మళ్ళీ ఊపాడు. పైనుంచి మా మేనల్లుడు, భోజనాలకు రమ్మని మా ఇద్దరికీ ఫోన్ చేస్తున్నాడు.