చిన్న సీసా ఆగిపోయాక

ఉజ్వల పశువుల డాక్టరు. తిరుపతిలో చదివి, కదిరి దగ్గర ఒక పల్లె ఆసుపత్రిలో నాలుగేళ్లు గొర్రెలకూ మేకలకూ సూదులు వేసింది. పెళ్లయ్యాక భర్త నిశాంత్ బ్యాంకు ఉద్యోగం వల్ల సింగపూర్ వచ్చి పుంగ్గోల్‌లో స్థిరపడింది. ఇక్కడొక పశువుల మందుల కంపెనీలో పని దొరికింది. ఆఫ్రికాలో ఏ దేశానికి ఏ మందు ఎప్పుడు బయలుదేరాలో చూసుకునే పని. చేరి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో ఆమె ఒక్క కోడిని కూడా చేత్తో పట్టుకోలేదు.

మనసు ఎప్పుడు మొద్దుబారిందో ఆమెకే తెలియదు. ఏడుపూ లేదు, కోపమూ లేదు. పొద్దున ట్రైన్ ఎక్కేది, తెర మీద గళ్లు నింపేది, సాయంత్రం ట్రైన్ ఎక్కేది. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది.

ఆ జూన్‌లో మీటింగ్ జరిగింది. మేనేజర్ అభిషేక్ హైదరాబాద్ కుర్రాడు, మర్యాదస్తుడు.

"ఉజ్వల గారూ, కోళ్ల కొక్కెర తెగులు వ్యాక్సిన్‌లో హండ్రెడ్ డోసుల చిన్న సీసా ఆపేద్దాం అంటున్నారు. థౌజండ్ డోసులదే ఉంటది. మీకు ఓకేనా?"

చిన్న సీసా ఎవరు కొంటారో ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు. పెరట్లో పది పన్నెండు కోళ్లున్న ఆడవాళ్లు, ఇరుగు పొరుగు నలుగురు కలిసి కొనుక్కుంటారు. మందు ఒకసారి కలిపితే కొన్ని గంటల్లోనే వాడేయాలి, మిగిలింది పారబోయాలి. పది కోళ్ల మనిషికి వెయ్యి డోసుల సీసా ఎందుకు? అదంతా నోటిదాకా వచ్చింది.

"ఓకే," అంది ఉజ్వల.

జాంబియాలోని చిపాటా ఊళ్లో మందుల దుకాణం నడిపే గ్రేస్ మ్వాలే సెప్టెంబరులో ఫోన్ చేసింది. యాభై దాటిన మనిషి, గొంతులో తొందర ఉండదు. "మేడమ్, ఈ పెద్ద సీసా పెద్ద ఫారాలవాళ్లకు. మావాళ్లు చూసి, అక్కడ పెట్టేసి వెళ్లిపోతున్నారు. పాతది ఎప్పుడొస్తుంది?"

"రాదు," అంది ఉజ్వల. "కనుక్కుంటాను" అనైనా అనలేదు.

నవంబరులో, అక్కడ వానలకు ముందు, తెగులు వచ్చింది. ఉజ్వల ఆఫీసు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో భోజనం చేస్తుండగా గ్రేస్ నుంచి మెసేజ్ వచ్చింది. "డిసెంబరు ఆర్డరు ఆపేయండి. మా చుట్టుపక్కల ఊళ్లలో మందు వేయడానికి కోళ్లు లేవు."

ఉజ్వల చదివింది. ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన అన్నం తినేసింది. పళ్లెం తీసుకెళ్లి పెట్టాల్సిన చోట పెట్టింది. పైకి వచ్చి ఆ ఆర్డరు రద్దు చేసింది. అంతా పూర్తయ్యాక కుర్చీలో కూర్చుని తనలో బాధ ఎక్కడుందా అని వెతుక్కుంది. దొరకలేదు. అప్పుడు మాత్రం కొంచెం భయం వేసింది.

వారం తర్వాత ఇంట్లో భోజనాల దగ్గర నిశాంత్ అడిగాడు. "ఏందే, వారం నుంచి చూస్తాండా, పలికినా పలకవు. ఒంట్లో బాగలేదా?"

"చిన్న సీసా ఆపుతామంటే సరే అన్నా. అక్కడ కోళ్లన్నీ పోయినాయి."

"నువ్వొద్దంటే ఆపకుండా ఉంటారా ఏంది?"

"ఆపుతారు. కానీ నేను అనల్యా కదా."

నిశాంత్ ఆమె కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి, అక్కడ పొద్దున తొమ్మిదికి, ఉజ్వల గ్రేస్‌కు ఫోన్ చేసింది. ముందు మీటింగ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఎందుకు చెబుతున్నారు నాకు?" అంది గ్రేస్.

"మీకు తెలియాలని." తర్వాత అసలు మాట చెప్పింది. కదిరిలో ఉన్నప్పుడు ఆమె గొర్రెలకు ఊరూరా ఒక రోజు పెట్టి టీకాలు వేసేది. ముందురోజు దండోరా వేయించేవాళ్లు. పొద్దున్నే ఊరంతా ఒకచోటికి మందలు తోలుకొచ్చేది. "కోళ్లకూ అలాగే చేద్దాం. ఊరికొక రోజు. అందరికీ కలిపి ఒక పెద్ద సీసా. కోడికి కంట్లో ఒక చుక్క. పొద్దున్నే, కోళ్లను గూట్లోంచి విడవకముందే."

"తెగులొచ్చి పోయిన ఊళ్లలో నా మాట ఎవరు వింటారు?"

"తెలియదు," అంది ఉజ్వల. అది నిజం.

కొత్త కోడిపిల్లలు పెరిగేదాకా ఆగి, ఏప్రిల్‌లో మొదటి ఊరు పెట్టుకున్నారు. మందు కలపడం ఎలాగో, చుక్క ఎలా వేయాలో ఉజ్వల ఒక కాగితం మీద రాసి పంపింది. గ్రేస్ దాన్ని వాళ్ల భాషలోకి మార్చుకుంది. ఊళ్లో నూట ఇరవై ఇళ్లుంటే ముప్పై ఇళ్లవాళ్లే వచ్చారు. సగానికి పైగా మందు నేలపాలైంది. ఆ మాట గ్రేస్ ఫోన్‌లో చెప్పి, "మళ్లీ చేస్తాను," అంది. ఎందుకో చెప్పలేదు.

ఉజ్వల ప్రతి బుధవారం ఫోన్ చేయడం అలవాటు చేసుకుంది. కంపెనీ చిన్న సీసా మళ్లీ తేలేదు. ఆమె రెండుసార్లు రాసి అడిగింది. అభిషేక్ రెండుసార్లూ మర్యాదగానే కాదన్నాడు.

నవంబరులో తెగులు మళ్లీ వచ్చింది. అప్పటికి రోజు పెట్టి మందు వేసిన ఆరు ఊళ్లలో నాలుగింటిలో కోళ్లు నిలిచాయి. మిగతా రెండింటిలో చాలా పోయాయి. మందు చల్లగా ఉంచే పెట్టెలో ఐసు కరిగిపోయి మందు చెడిందని గ్రేస్ అనుమానం. ఆ రెండు ఊళ్లవాళ్లు దుకాణం ముందుకొచ్చి ఆమెను నానా మాటలూ అన్నారు.

"నాలుగు ఊళ్లు, మేడమ్," అంది గ్రేస్ ఫోన్‌లో. "మీకు సంతోషంగా లేదా?"

ఉజ్వల జవాబు కోసం తనలోకి చూసుకుంది. పెద్దగా ఏమీ కనిపించలేదు.

"ఆ రెండు ఊళ్ల పేర్లు చెప్పండి," అంది. "ఐసు పెట్టె ఎంతసేపు ఎండలో ఉందో కూడా." కాగితం దగ్గరికి లాక్కుని రాసుకోవడం మొదలుపెట్టింది.