అమ్మకు దక్కినంత

నా మొగుడు పోయాక జీడిపిక్కలు కొట్టే పనికి చేరాను. ఆ బస్తాల వాసనకు ఇప్పటికీ ఊపిరాడదు.

నా చిన్నప్పుడు నాన్న యుద్ధంలో పోతే, విధవ ముఖం ఎవరూ చూడకూడదని అమ్మను జీడిపిక్కల బస్తాల గదిలో కూర్చోబెట్టారు. ఏదో తప్పుకు శిక్ష వేశారనుకున్నాను.

నాన్నతో పనిచేసిన సిపాయి వచ్చి వాకిట్లో ఊరివాళ్ళతో మాట్లాడుతుంటే, వెళ్ళి అమ్మ గది గొళ్ళెం తీశాను.

"అమ్మా, రా! నాన్న గురించి సెప్తన్నారు."

"నేనొత్తే అందరూ లెగిసిపోతారమ్మా. నువ్వు ఇనొచ్చి సెప్పు."

సిపాయి చాలాసేపు చెప్పాడు. దెబ్బ తగిలిన ఒకరిని మోసుకొచ్చి, ఇంకొకరి కోసం నాన్న మళ్ళీ తూటాల్లోకి వెళ్ళాడట. అదొక్కటే వచ్చి చెప్పాను.

"బయపడనేదా?"

"నేదంట."

"ఇంకేటన్నారు?"

నాకు గుర్తులేదు.

నాన్న ధైర్యం ఊరంతా విన్నది. అమ్మకు మాత్రం ఆరేళ్ళ పిల్లకు గుర్తున్నంతే దక్కింది.