చెలిమెలో మా వీధి మురుగు

నా చిన్నప్పుడు నాకు అన్నిటికన్నా రోత పుట్టించిన చోటు మా వీధి చివరి మోరి గుంత. గద్వాలకు కొంచెం దూరంలో, వాగు పక్కన మా ఊరు. ఒంటికి పోసుకున్న నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు, పశువులను కడిగిన నీళ్లు అన్నీ ఒకే మోరిలో పడి వాగులోకి పారేవి. మా తాతయ్య దానికి అడ్డంగా రెండు గుంతలు తవ్వించాడు. మొదటి దాంట్లో మడ్డి అడుగుకు దిగేది. రెండో దాంట్లో రాళ్లు, బొగ్గులు, ఇసుక పరిపించి, పైన తుంగ నాటించాడు. అందులోంచి బయటికి జారే నీళ్లకు వాసన ఉండేది కాదు. కాకపోతే ఆ మొదటి గుంతలోని మడ్డిని వారానికోసారి ఒక్కో ఇంటివాళ్లు వంతులవారీగా ఎత్తిపోయాలి.

ఒక ఎండాకాలం మా వంతు వచ్చిన రోజు పెద్దవాళ్లంతా చేను పనికి పోయారు. పదేళ్ల నా మీద పడింది ఆ పని. నల్లటి జిగురు, అందులో జుట్టు ఉండలు, కుళ్లిన మెతుకులు, మీద లుకలుకలాడే పురుగులు. ఒక్క తట్ట కూడా ఎత్తలేకపోయాను. పార తీసుకుని పక్క గట్టు తెంపేశాను. మడ్డి మొత్తం బుడబుడమంటూ వాగులోకి దిగిపోయింది. చెయ్యి మురికి కాకుండా పని తెమిలిందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

కింద వాగొడ్డున కూలి చేసుకుని బతికే ఒక అవ్వ గుడిసె ఉండేది. వాగు ఎండినప్పుడు ఆమె ఇసుకలో చెలిమె తీసుకుని, అందులో ఊరిన నీళ్లు తాగేది. మర్నాడు పొద్దున ఖాళీ బిందె చంకన పెట్టుకుని, చేతిలో చెలిమె నీళ్ల చెంబుతో మా వాకిలి బయట నిలబడింది.

"నీళ్లు కంపు కొడుతున్నయయ్యా. ఇంట్ల బాలింత ఉన్నది" అంది.

తాతయ్య వెళ్లి తెగిన గట్టు చూసి వచ్చాడు. ఆ చెంబు తెచ్చి నా ముందు పెట్టి తాగమన్నాడు. నీళ్ల మీద జిడ్డు తేలుతోంది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఎందుకు తాగవు? నువ్వు పంపిన నీళ్లే గద" అన్నాడు.

నేను ఏడుపు అందుకున్నాను. అవ్వే అడ్డం వచ్చింది. ఈ పసిదానికి వాంతులైతే ఎట్లా అని, ఆ నీళ్లు తీసుకుపోయి పారబోసింది.

చెలిమె తేటపడేదాకా తోడి పోయమని తాతయ్య నన్ను పంపాడు. మూడు రోజులు కొబ్బరి చిప్పతో తోడాను. ఎంత తోడినా కంపే ఊరేది. కానీ ఆ వాసన కాదు నన్ను ఇప్పటికీ బాధపెట్టేది. వాగుకూ ఇంటికీ తిరుగుతున్నప్పుడు, మా వీధి బావి దగ్గర అవ్వ కనిపించేది. ఆ బావిలో ఆమెను చేద వేయనిచ్చేవారు కారు. దూరంగా బిందె పెట్టుకుని, ఎవరైనా పోస్తారేమోనని నిలబడేది. ఒకసారి మా అమ్మ తన బిందెలన్నీ నిండాక, తగలకుండా ఎత్తు నుంచి పోసింది. సగం నీళ్లు నేలపాలయ్యాయి. మురుగును వడగట్టడం తెలిసిన మా తాతయ్య అటుగానే వెళ్తూ ఒక్క మాట అనలేదు. మడ్డిని చూసినప్పుడు కూడా నాకు అంత రోత కలగలేదు. అది మా మీదే కలిగింది. చెలిమె బాగున్నన్నాళ్లూ ఆమె ఎవరినీ నీళ్లు అడగలేదు. అడిగే గతి పట్టించింది నేను.

మూడో రోజు సాయంత్రం అవ్వ దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూసి, ఒక గుక్క తాగింది. "ఇగ చాలు, ఇంటికి పో బిడ్డా" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను ఉండే కాలనీలో మురుగును శుద్ధి చేసే చిన్న తొట్లు కట్టుకున్నాం. మోటారు చెడిపోయి నెలలైంది. బాగుచేయించే ఓపిక లేక, పక్కనుంచి పైపు వేసి నేరుగా నది వైపు వదిలేశారు, సిగ్గులేని మనుషులు. మొన్న మీటింగులో అడిగితే, ఒకాయన నవ్వుతూ "అంత పెద్ద నది, ఏమైతదమ్మా? పోతది" అన్నాడు. వయసు మళ్లినదాన్ని, అంతమందిలో గొంతు పెంచి తిట్టాను. నాకు తెలుసు అది ఎందాకా పోతుందో. కింద ఎవరో ఒక మనిషి ఖాళీ బిందెతో ఇంకొకరి ముందు నిలబడేదాకా పోతుంది.