మంచు రోజు రెండు రింగులు

1983 జనవరి. న్యూజెర్సీలో మేమున్న చిన్న ఊళ్ళో స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో క్లర్కుని నేను. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఏం లేదు, ఊళ్ళో ఉన్న నాలుగు బడులకీ కలిపి ఒక ఆఫీసు, దాని మీద ఒక సూపరింటెండెంటు. పాఠాలు చెప్పడం తప్ప మిగతా చాకిరీ అంతా అక్కడే. బస్సులు, మధ్యాహ్నం భోజనాలు, టీకాల కాగితాలు, వానకి కారే కప్పులు. నా బల్ల మీదకొచ్చిన పని, తల్లిదండ్రులకి బడి కబుర్లు అందించడం. బాపట్లలో పుట్టి మంచు మొహం ఎరగని దాన్ని, ఊరందరికీ మంచు కబురు చెప్పే ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి నా ఒళ్ళోనే పడింది. ప్రభువు తమాషాలు అట్లా ఉంటాయి.

చలికాలం వచ్చిందంటే మా సూపరింటెండెంటు నాలుగింటికే లేచి కారేసుకుని ఊరంతా తిరిగేవాడు. లైబ్రరీ దగ్గర మిట్ట మీద ఆయన కారు జారిందా, ఆ రోజు బడి లేనట్టే. ఐదింటికి నాకు ఫోన్ చేసి, “మేరీ, మూసెయ్యి” అనేవాడు. నా పేరు మరియమ్మ లెండి, వాళ్ళకి నోరు తిరగక మేరీ అయింది. నేను మా వంటింట్లోంచే ముందు రేడియో స్టేషన్‌కి చేసేదాన్ని. మా డిస్ట్రిక్ట్‌కి ఒక రహస్య నంబరుండేది, అది చెప్తేనే వాళ్ళు నమ్మేది. లేకపోతే లెక్కల పరీక్ష ఉన్న ప్రతి గడుగ్గాయీ ఫోన్ చేసి బడి మూయించేస్తాడు కదా! తర్వాత బస్సుల వాళ్ళకి. ఆ తర్వాత ఫోన్ చెయిన్.

ఫోన్ చెయిన్ అంటే ఇంటికో ఇల్లు చెప్పుకోవడం. ప్రతి క్లాసుకీ ఒక లిస్టు. మొదటి ఇంటికి నేను చేస్తాను, ఆవిడ రెండో ఇంటికి, ఆవిడ మూడో ఇంటికి. పది రింగులదాకా ఎవరూ ఎత్తకపోతే వాళ్ళని వదిలేసి తర్వాతింటికి చెయ్యాలి, ఎత్తని వాళ్ళ పేరు నాకు చెప్పాలి. చివరి ఇంటామె తిరిగి నాకు చేసి “అయిపోయింది” అనాలి. ఆ లిస్టులన్నీ నేనే టైపు కొట్టి, డిట్టో మెషీన్ మీద తీసేదాన్ని. అది ఊదారంగు సిరాతో కాపీలు తీసే మిషను. వేళ్ళనిండా ఆ రంగే. “నేరేడు పళ్ళు తిన్నావా, నాకు దాచలేదే?” అని మా వారు ఏడిపించేవారు. ఏడిపిస్తే ఏడిపించారుగానీ, ముప్పావుగంటలో ఊరంతటికీ కబురు వెళ్ళిపోయేదంటే నాకు భలే గర్వంగా ఉండేది.

అంతకు ముందు సెప్టెంబరులో ఒకమ్మాయి చంకలో నెలల పిల్లాడితో, చెయ్యి పట్టుకున్న ఆరేళ్ళ పాపతో మా ఆఫీసుకొచ్చింది. పేరు సుగుణ, కరీంనగర్ వైపు. భర్త రాజేశం మందుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు కెమిస్టు. పాప స్వప్నని ఫస్ట్ గ్రేడ్‌లో చేర్పించాలని. ఆ ఊళ్ళో నోరారా తెలుగు మాట్లాడే మనిషి ఆఫీసుకి రావడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫారాలన్నీ నేనే నింపేశాను.

“అక్కా, మంచు వడ్డనాడు బడి ఉన్నదీ లేనిదీ నాకెట్ల తెలుస్తది? రేడియోల ఆయన గడగడ చదువుతడు, నాకొక్క ముక్క సమజు కాదు” అంది సుగుణ.

“రేడియో జోలికే పోకు. మీ ఇంటికి ఫోనొస్తుంది. అదంతా నేను చూసుకుంటాగా!” అన్నాను, ఊరి సర్పంచిలాగా. ఫోను ఎన్నింటికి వస్తుందో మాత్రం చెప్పలేదు. చెప్పాలని తట్టనే లేదు.

ఆ జనవరిలో మొదటి పెద్ద మంచు పడింది. మామూలుగానే ఐదింటికి కబురొచ్చింది, నేను వరసగా అందరికీ చేశాను. ఆరు దాటాక డోరతీ ఫోన్ చేసింది. చెయిన్‌లో సుగుణకి ముందున్న ఇల్లు ఆవిడది. “మేరీ, మీ ఇండియా ఆవిడ ఫోను ఎత్తడం లేదు. పది రింగులు చూశాను. తర్వాతింటికి చెప్పేశాను” అంది.

“నిద్రలో ఉంటారులే, నేను చేస్తాను” అన్నాను. చెయ్యలేదు. ఇంకో రెండు బస్సుల గొడవ వచ్చి పడింది, తర్వాత మా వాకిట్లో మంచు ఎత్తిపోయాల్సొచ్చింది. బడి లేకపోయినా ఆఫీసుకి సెలవుండదు. నాది రెండు వీధుల దూరం కాబట్టి నడిచి వెళ్ళి, దీపాలేసి, కాఫీ పెట్టుకున్నాను. మిగతా వాళ్ళింకా రాలేదు.

ఎనిమిదవుతుండగా తలుపు తోసుకుని ఫ్రాంక్ వచ్చాడు. ఫ్రాంక్ ఊళ్ళో స్నో ప్లౌ నడిపే ముసలాయన. రోడ్డు మీది మంచుని ముందరి పలకతో పక్కకి తోసుకుంటూ పోయే బడి బస్సుల్లాగే పసుపుపచ్చటి పెద్ద లారీ అది. ఆయన చెయ్యి పట్టుకుని ఒక పాప. కనుబొమల మీద మంచు, ముక్కు దానిమ్మ గింజలా ఎర్రగా, చేతిలో లంచ్ బాక్సు. కోటుకి బడి పేరూ, బస్సు నంబరూ రాసిన చీటీ పిన్ను పెట్టి ఉంది. నేను పెట్టించిన చీటీయే.

“బస్ స్టాపులో ఒక్కతే నిలబడి ఉంది. బడికి తీసికెళ్తే తాళం. ఊరంతటికీ నీ దీపమొక్కటే వెలుగుతోంది” అన్నాడు ఫ్రాంక్.

“ఆంటీ, బస్ రాలేదు. ట్రక్ వచ్చింది” అంది స్వప్న. ఏడవలేదు, పైగా ట్రక్కెక్కినందుకు సంబరంగా ఉంది.  దాని చేతి తొడుగులు విప్పి, వేళ్ళు నా చేతుల్లో పెట్టుకుని రుద్దాను. మంచుగడ్డల్లా ఉన్నాయి. ఫ్రాంక్ కాకుండా ఇంకెవరైనా ఆపి ఎక్కించుకునుంటే? ఎవరూ ఆపకపోతే? 

సుగుణకి ఫోన్ చేశాను. ఇరవై రింగులు. పెట్టేసి మళ్ళీ చేశాను. మళ్ళీ. ఎత్తదే! చంటిపిల్లాడితో ఒంటరిగా ఉందేమో, పడిపోయిందేమో, ఇంట్లో గ్యాసేమన్నా లీకయిందేమో అని పిచ్చి పిచ్చి ఆలోచనలు. నా దగ్గర కారు లేదు. “ఫ్రాంక్, నీ బండిలో ముగ్గురు పడతారా?” అన్నాను. చీర మీద ఓవర్‌కోటు, కాళ్ళకి మా వారి బూట్లు, ఒళ్ళో స్వప్న. అట్లా స్నో ప్లౌలో ఊరేగాను. స్వప్న దారంతా “ఫాస్టర్! ఫాస్టర్!” అంటూనే ఉంది.

దారంతా నాకు భయం. వాళ్ళ అపార్ట్‌మెంట్ మెట్లెక్కి బెల్లు కొడితే సుగుణ నిక్షేపంగా వచ్చి తలుపు తీసింది. అంతే, ఆ భయమంతా కోపమైపోయింది.

“బుద్ధుందా నీకు? పిల్లని మంచులో నిలబెట్టి, ఫోను ఎత్తకుండా లోపల ఏం వెలగబెడుతున్నావు?” అని అరిచాను.

ఆ అమ్మాయి నా తిట్లు విననే లేదు. నా మొహంలోకే చూస్తూ, గుమ్మం పట్టుకుని మెల్లగా కిందకి కూర్చుండిపోయింది.

“ఎవలక్కా?” అంది.

“ఎవరేంటి?”

“ఎవలు పోయిన్రు? నాయినా? అమ్మనా? చెప్పుండ్రి అక్కా. మీరింటిదాంక వచ్చిన్రంటేనే సమజైంది.”

 అప్పుడర్థమైంది. ఆ రోజుల్లో ఇండియా నుంచి ఫోనంటే ట్రంక్ కాలే. బుక్ చేసి గంటలు గంటలు కాచుకోవాలి, బోలెడు ఖర్చు. మంచి కబురుకి ఎవరూ చేసేవారు కాదు, మంచి కబుర్లు ఏరోగ్రాం ఉత్తరాల్లో వచ్చేవి. తెల్లవారకముందు మోగే ఫోను చావు కబురే. మా ఇంట్లో మాత్రం? ఆ వేళప్పుడు మోగితే నువ్వు తియ్యి అంటే నువ్వు తియ్యి అని నేనూ మా వారూ మొహాలు చూసుకునేవాళ్ళం. సూపరింటెండెంటు ఫోనని తెలిసి తెలిసీ ముందు ప్రభువుని తలుచుకునే ఎత్తేదాన్ని. అన్నీ తెలిసిన దాన్ని, సుగుణ పేరు ఐదింటి లిస్టులోకి నేనే ఎక్కించాను.

“ఎవరూ పోలేదే పిచ్చి మొహమా! మంచు పడింది. బడి లేదు. ఆ కబురు చెప్పడానికి చేశారు, అంతే!” అన్నాను.

“బడి లేదా?” అంది. అప్పుడు చూసింది నా వెనకాల ఫ్రాంక్ చెయ్యి పట్టుకున్న స్వప్నని. “ఇది బస్సెక్కింది గద! నేను కిటికీలకెల్లి చూసిన. పచ్చ బస్సు వచ్చి ఆగింది...” అంటూనే పిల్లని గుంజుకుని గుండెలకి హత్తుకుంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి ఆ అమ్మాయికి. ఆ మంచులో రెండో అంతస్తు నుంచి చూస్తే పచ్చ ప్లౌ పచ్చ బస్సులాగే కనబడి ఉంటుంది.

కాస్త నెమ్మదించాక చెప్పింది. ఏడాది కింద ఇట్లాగే చీకట్లో ఫోను మోగిందట. ఎత్తితే, వాళ్ళ పెద్దక్క పోయిందని. అప్పుడూ భర్త డ్యూటీలోనే. అప్పట్నుంచీ రాజేశం రాత్రి డ్యూటీకి పోగానే ఫోనుని బొంతలో చుట్టి బట్టల అల్మారాలో పెట్టేసేదట. ఆయనకి కూడా చెప్పలేదు. “ఇయ్యాల పొద్దుగాల బొంతలకెల్లే సన్నగ మోగింది. ఎవలో పోయిన్రనుకున్న. పిల్ల ముంగట ఏడ్వద్దని జల్ది బడికి తోలిన. అది పోయినంక ఎత్తుదామనుకున్న. అంతల మళ్ళ మోగె, మళ్ళ మోగె. ఇన్నిసార్లంటే ఇగ నిజమే అనుకున్న. చెయ్యి పోలేదక్కా” అంది.

ఆ మళ్ళీ మళ్ళీ మోగించింది నేనే. ఆరింటి నుంచీ ఆ ఇంట్లో ఒక చావు కూర్చుని ఉంది. ఎవరి చావో కూడా తెలియకుండా, చంటివాడికి పాలు పడుతూ, పెద్దదానికి జడలేస్తూ రెండు గంటల పైన గడిపింది. నాకు ఏడుపాగలేదు. ఇద్దరం ఏడుస్తుంటే పాపం ఫ్రాంక్ గుమ్మంలో ఒంటి మీది మంచు కరిగి కారుతూ నిలబడి, “అందరూ బాగానే ఉన్నారా?” అని నాలుగుసార్లు అడిగాడు. సుగుణ లేచి ఆయనకి అల్లం టీ పెట్టిచ్చింది. ఒక గుటక తాగి ఘాటుకి దగ్గాడుగానీ, గ్లాసు ఖాళీ చేశాకే కదిలాడు.

“ఈసారి నుంచి నువ్వు చెయిన్‌లో ఉండొద్దు. నీకు నేనే చేస్తా” అన్నాను సుగుణతో. “రెండంటే రెండు రింగులు కొట్టి పెట్టేస్తా. అంటే మంచు అన్నమాట. నువ్వు ఎత్తనక్కర్లేదు, ముసుగు తన్ని పడుకో.”

ఆలోచించింది. “రెండు దాటి మోగితే?”

 “రెండు దాటితే ఎత్తకు. మోగి ఆగాక నాకు చెయ్యి. నేనూ మా వారూ వచ్చి నీ పక్కన కూర్చుంటాం. అప్పుడే తెలుసుకుందాం, ఏదైతే అదే” అన్నాను.

అప్పట్నుంచి మంచు రోజు రేడియో కన్నా ముందు సుగుణకే. రెండు రింగులు, కట్. ఈ సంగతి ఎట్లా పాకిందో, మా తెలుగు ప్రేయర్ గ్రూపులో విజయవాడ ఆవిడ “సిస్టర్, మాకూ అట్లాగే చెయ్యరూ” అంది. తర్వాత ఒక గుజరాతీ ఇల్లు. ఆ తర్వాత కొడుకుని యుద్ధంలో పోగొట్టుకుని, మనవణ్ణి పెంచుకుంటున్న ఒక అమెరికన్ పెద్దావిడ. ఆవిడకీ చీకట్లో మోగే ఫోనంటే భయమేనని నాకప్పుడే తెలిసింది.

ఒకసారి మంచు రోజున సూపరింటెండెంటు నన్ను పట్టుకున్నాడు. “మేరీ, ఫోన్ చేసి పెట్టేస్తావటగా? తల్లిదండ్రులతో ఆటలేంటి?” అన్నాడు. సుగుణ సంగతంతా చెప్పాను.  మరుసటి సెప్టెంబరుకి ఫారంలో ఫోను నంబరు కింద కొత్త గీత వచ్చింది: “మీకు కబురు ఎప్పుడు, ఎలా చెప్పమంటారు?” ఆ ఊదారంగు కాపీలు నేనే తీశాను. ఒక్కో ఇల్లు ఒక్కో జవాబు రాసింది. ఎదటి వాళ్ళ నంబరు రాసుకోగానే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ ఫోను మోగితే ఆ ఇంట్లో వాళ్ళకి ఏమవుతుందో అడగాలని నాకు సుగుణే నేర్పింది.

1987లో రాజేశానికి టెక్సాస్‌లో ఉద్యోగమొచ్చింది. వేసవిలో వెళ్ళిపోతామన్నారు. ఆ ఫిబ్రవరిలో కురిసిందే వాళ్ళకి మా ఊళ్ళో చివరి మంచు. నాలుగేళ్ళ అలవాటు కదా, ఐదింటికి సుగుణ నంబరు తిప్పాను. ఒక రింగు వెళ్ళింది. రెండోది వినగానే పెట్టేద్దామని చూస్తున్నాను.

“హలో” అని వినబడింది.

 నాలుగేళ్ళలో ఆ వేళప్పుడు ఆ ఇంట్లోంచి నేను మాట విన్నది లేదు. “నేనే సుగుణా... మంచు పడిందే. బడి లేదు” అన్నాను.

“మంచిదక్కా” అంది.

“రెండో రింగు కూడా పడలేదు కదే! నేనేనని ఎట్లా తెలిసింది నీకు?”

“తెల్వదక్కా” అంది సుగుణ. “తెల్వకనే ఎత్తిన.”