గడియారం గారి చన్నీళ్లు

ఆ మందుల ప్రయోగశాలలో ఆయన్ని అందరూ గడియారం గారనేవారు. ఇరవైరెండేళ్లుగా, పదవీ విరమణ వయసు దాటాక కూడా, వేడినీళ్ల తొట్టి దగ్గర నిలబడి, గంట కొట్టినట్టు వేళకి నమూనాలు తీయడమే ఆయన ఉద్యోగం. తనంత జాగ్రత్తపరుడు ఆ భవనంలోనే లేడని ఆయనకి గట్టి నమ్మకం. ఎవరూ కాదనలేదు, అడిగితే కదా.

ఈసారి ఒంటి వేడితో ఉంచిన తొట్టిలో ఓ గాజుబుడ్డి, అందులో నీళ్ల అడుగున ఓ జెల్. చల్లగా ఉంటే నీళ్లలా జారుతుంది, ఒంటి వేడి తగిలితే గడ్డకడుతుంది. సూదితో ఎక్కిస్తే లోపల గడ్డకట్టి, తనలోని మందుని వారంపాటు కొద్దికొద్దిగా వదలాలి. గడియారం గారి భార్యకి చక్కెర జబ్బు, రోజూ పొద్దున్నే సూది. ఇది నెగ్గితే వారానికొక్కటే. అందుకే ఆయన ఈ జెల్ మీద కొండంత ఆశ పెట్టుకున్నాడు.

జెల్ మాత్రం పరువు తీసింది. మొదటి రోజే ఉన్న మందంతా కక్కేసింది. మూడుసార్లు చేసినా అదే తంతు.

"శుక్రవారం దాకా చూసి ఈ ప్రయోగం మూసేద్దాం," అంది ప్రయోగశాల పెద్ద మేడమ్, తల పట్టుకుని.

గురువారం పొద్దున ఆయన ఇంట్లో ఫ్రిజ్‌లోంచి భార్య మందుసీసా తీసి, అలవాటుగా గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకా ఎంతసేపండీ?" అందావిడ.

"చల్లటి మందు పొడిస్తే నీకే మండుతుంది. కాస్త వెచ్చబడనీ," అన్నాడు. అని, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

జెల్ ఉన్న గాజుబుడ్డిలోంచి సగం నీళ్లు నమూనాగా తీసిన ప్రతిసారీ, అన్నే కొత్త నీళ్లు తిరిగి పోయాలి. అవి పాడవకూడదని, ఎవరూ చెప్పకుండానే, ఆయన ఫ్రిజ్‌లో దాచేవాడు. గంటగంటకీ జెల్ మీద చన్నీళ్లు కుమ్మరించింది ఆయన చేతులే. పాపం, అది చల్లబడి కరిగింది. దాని ధర్మం అది చేసింది.

మేడమ్‌కి చెప్పేశాడు. చెప్పేముందు తలుపు దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కి తిరిగాడు, అది వేరే సంగతి.

"మీరా?" అందావిడ.

"నేనేనమ్మా. నీళ్లు పాడవుతాయని..."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు. నీళ్లు వెచ్చచేసి పోస్తూ మళ్లీ మొదలుపెట్టారు. వారం రోజులూ మందు కొలిచి పోసినట్టు వచ్చింది. ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రోగుల దాకా ఎప్పుడొస్తుందమ్మా?"

"అన్నీ కలిసొస్తే పదేళ్లు."

ఆయన భార్యకి డెబ్భై నాలుగు.

ఇంటికెళ్లేసరికి ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చి, "మీ జెల్ ఏమైందండీ?" అంది.

"నెగ్గిందే. ఇంకెంతో కాలం పట్టదు," అన్నాడు.

ఈ తప్పు మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.