పాకలో అంబాసిడర్

సుంకరమెట్ట సంత దాటాక, రోడ్డు కొండవాలుకి అతుక్కుని తిరిగే చోట పనసగుడ అని చిన్న ఊరుంది. ఇప్పుడా దారిలో టూరిస్టు బండ్లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరుతున్నాయి గానీ, తొంభైల్లో పొద్దుటి బస్సు వెళ్లిపోయిందంటే మళ్లీ సాయంత్రం బస్సు దాకా రోడ్డంతా మేకలదే. మధ్యలో ఎప్పుడైనా జనం వేలాడుతూ ఓ సర్వీసు జీపు. అలాంటి ఊళ్లో, ఇంటి వెనక గడ్డిపాకలో సొంత కారున్న మనిషి ఒకడుండేవాడంటే ఈనాటి పిల్లలు నమ్మరు. ఉండేవాడు. పేరు ఫల్గుణ. ఆ కారు నడిచేదా అని మాత్రం అప్పుడే అడక్కండి.

కారు అతను కొన్నది కాదు. డెబ్బైల్లో మైదానం నుంచి వచ్చిన ఒక కలప కంట్రాక్టరు దగ్గర ఫల్గుణ డ్రైవరు. నల్లటి పాత మోడలు అంబాసిడర్, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, వెనక సీట్లో కంట్రాక్టరూ ఆయన తమలపాకుల పెట్టె. గాలికొండ మలుపులో ఫల్గుణ హారన్ కొడితే కింద పొలాల్లో ఆడవాళ్లు పని ఆపి తలెత్తి చూసేవారు. ఆ చూపులు వెనక సీటు కోసమని తెలిసినా సగం తన వాటాకి వేసుకునేవాడు. చైత్రంలో కిటికీ అద్దం దించితే కాఫీ పూల వాసన లోపలికొచ్చేది. పుష్యంలో దించితే పొగమంచు వచ్చి పక్క సీట్లో కూర్చునేది. ఆ రోజులంటే అతనికి ప్రాణం. తన వయసంతా ఆ ముందు సీట్లోనే ఉండిపోయిందని అతని నమ్మకం.

తర్వాత అడవిలో కలప నరికే కూపులు ఆగిపోయాయి. కంట్రాక్టరు సామాను సర్దుకుని వెళ్తున్న రోజునే కారు పనసగుడ దగ్గర మొరాయించింది. మెకానిక్కుని పంపిస్తానని చెప్పి ఆయన బస్సెక్కాడు. మెకానిక్కు రాలేదు, ఆయనా రాలేదు. ఎండకీ వానకీ పాడవుతుందని ఫల్గుణే దాన్ని తోయించి తన పాకలో పెట్టాడు. ఎన్నో ఏళ్లకి ఆయన కొడుకొకడు బొర్రా గుహలు చూడ్డానికి వచ్చి, దారిలో ఆగి, పాకలో కారుని చూసి టైరుని బూటుతో ఒక్క తన్ను తన్ని, "ఉంచుకోవయ్యా, మాకెందుకిది" అని వెళ్లిపోయాడు. ఆ తన్ను టైరుకి తగిలిందో లేదో గానీ ఫల్గుణకి తగిలింది. ఆ రోజే అనుకున్నాడు, దీన్ని మళ్లీ రోడ్డెక్కించాలని.

అనుకోవడం తేలికే. అప్పటికతను సర్వీసు జీపులు తోలుతున్నాడు. ఘాటు రోడ్డు కుదుపులకి నడుం పట్టేసి, యాభై దాటాక ఆ పని మానేసి, కొండవాలున ఉన్న కాఫీ మొక్కల దగ్గరికీ పాకలో ఉన్న కారు దగ్గరికీ తిరిగొచ్చాడు. మొక్కలకి ఎంత పొద్దు, కారుకి ఎంత పొద్దు అన్నది అతని భార్య రమణిని అడిగితే చెప్పేది. తోటలో కలుపు తీయడం, పళ్లు కోయడం, ఆరబెట్టడం, అన్నీ ఆవిడే. ఫల్గుణ మాత్రం బోనెట్టు ఎత్తి, సగం మనిషి లోపలికి వెళ్లి, మిగతా సగంతో ఆమెకి జవాబులు చెప్పేవాడు.

అతనికి తోడు దొరికినవాడు శృంగవరపుకోట మెకానిక్కు వరహాలరావు. జీపుల రోజుల స్నేహం. ఎప్పుడైనా ఆదివారం పూట కిరండూల్ పాసింజరు రైలెక్కి, సంచిలో విశాఖ పాత సామాన్ల బజారులో ఏరిన ముక్కలు వేసుకుని వచ్చేవాడు. ఇద్దరూ కలిసి పాకలో మూడు వాసాలు ముక్కాలిపీటలా నిలబెట్టి, గొలుసు కట్టి ఇంజను పైకి లాగారు. బిగుసుకుపోయిన పిస్టన్ల మీద కిరసనాయిలు పోసి, వారాల తరబడి నానబెట్టి, చెక్కముక్క పెట్టి తట్టి తట్టి కదిలించారు. వాల్వులు అరగదీయడానికి ఫల్గుణ వాటికి తగిలించిన పుల్లని రెండు అరచేతుల మధ్య పెట్టి మజ్జిగ చిలికినట్టు తిప్పేవాడు. రేకుకి పడ్డ చిల్లులు నూనెడబ్బా రేకుతో మూశారు. చిరిగిన సీట్లలో కొబ్బరిపీచు దొరక్క బూరుగుదూది కూరారు. వెనక సీటుని మాత్రం రమణి కోడిపెట్ట వదల్లేదు. అక్కడే పొదిగింది, అక్కడే పిల్లలు లేపింది. దాన్ని లేపడానికి ఫల్గుణకి మనసొప్పలేదు.

ఆ ఏడాది కాఫీ కోతలయ్యే వేళకి ముసురు పట్టింది. సముద్రంలో వాయుగుండం పడితే కొండ మీద ముసురు తప్పదు. కళ్లంలో ఎండుతున్న పళ్లని ఎత్తి లోపల పోసుకుందామంటే పాక నిండా కారు. ఇంట్లో పట్టినంత పట్టగా మిగిలినవి గోనెల కింద తడిసి బూజు పట్టాయి. సంతలో షావుకారు వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు. రమణి ఆ రోజు ఇంటికొచ్చి, బస్తాలని పాక గుమ్మం ముందు దించి, పొయ్యి రాజేసుకుంది. తిట్టి ఉంటే ఫల్గుణ కాస్త తేలికపడేవాడు.

తప్పు దిద్దుకోవాలంటే ఒకటే దారని అతనికి తోచింది. కారు బేగి నడిస్తే పాక ఖాళీ అవుతుంది. ఇంజను దాదాపు సిద్ధంగా ఉంది. గేరుబాక్సులో పోయడానికి నూనె తెస్తానన్న వరహాలరావు, ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి రైళ్లు ఆగడంతో రాలేకపోయాడు. ఎదురు చూసి చూసి ఫల్గుణ ఇంట్లోకి వెళ్తే మూల కుండలో ఇప్పనూనె కనబడింది. మన్యంలో ఇప్పనూనె లేని ఇల్లుండదు. కూరకదే, దీపానికదే, తలకదే. రాస్తే మోకాళ్లు ఆడతాయి, పోస్తే బండి ఇరుసులు ఆడతాయి, మధ్యలో గేరుబాక్సు ఏం పాపం చేసిందనుకున్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నూనె జారుగా, బంగారంలా దిగింది. గేరు కడ్డీ వెన్నలో వేలు పెట్టినట్టు కదిలింది. ఆ రాత్రి ఫల్గుణ హాయిగా నిద్రపోయాడు.

రైళ్లు మొదలయ్యాక వరహాలరావు వచ్చిన రోజున ఊరంతా పాక ముందు చేరింది. పుష్యమాసపు చలి. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. ఇంజను దగ్గింది, పొగ వదిలింది, అందుకుంది. ఫల్గుణ కళ్లు చెమర్చాయి. క్లచ్చి తొక్కి గేరు కడ్డీ కిందికి లాగాడు. కదల్లేదు. ఊరంతా చూస్తోంది కదా, పౌరుషం కొద్దీ రెండు చేతులతో లాగాడు. కడ్డీ విరిగి చేతికొచ్చింది.

వరహాలరావు కారు కిందికి దూరి, గేరుబాక్సు బిరడా విప్పాడు. చుక్క కారలేదు. వేలు పెట్టి చూస్తే లోపల తెల్లగా, గట్టిగా, గడ్డకట్టిన నెయ్యిలా ఉంది. చలికి ఇప్పనూనె పేరుకుంటుందన్నది ఆ ఊళ్లో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతే. కుండలో పేరుకుంటుందని తెలిసినవాడికి గేరుబాక్సులో పేరుకుంటుందని తోచకపోవడమే చిత్రం.

"ఏట్రా ఇది ఫల్గుణా, బండికి వంట సేసి ఎట్టినావా?" అన్నాడు కింద నుంచే.

నూనె దించాలంటే కరిగించాలి. బొగ్గుల కుంపటి తెచ్చి కింద పెట్టారు. కాసేపటికి కారులోంచి పిండివంటల వాసన బయల్దేరింది. ఎవరింట్లోనో పండగనుకుని పై గుడిసెల పిల్లలు ఆకుదొన్నెలు పట్టుకుని దిగొచ్చారు. జనం పడీ పడీ నవ్వారు. ఖాళీ కుండ పట్టుకుని వచ్చిన రమణి మాత్రం నవ్వలేదు. ఏడాది పొడుగునా కూరకి వాడుకోవాల్సిన నూనె అది. అడవిలో ఇప్పగింజలు ఏరిందీ ఆవిడే, గానుగాడించిందీ ఆవిడే.

"ఇటుకల పండగ దాకా సూత్తాను," అంది నెమ్మదిగా. "ఆ రోజుకి నీ బండి తనంతట తాను గెడ కాడికి రావాల. రాకపోతే పాత ఇనప సామాన్లోడు తోలుకెల్లిపోతాడు. నాను పిలిసీసినాను."

ఇటుకల పండగంటే చైత్రంలో వచ్చే వేట పండగ. మగవాళ్లు విల్లంబులతో అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ పట్టుకుని, పాటలు పాడి, వచ్చే పోయే బండ్లని ఆపి పండగ మామూలు అడుగుతారు. చేటలో ఏదో ఒకటి పడితేనే గెడ లేస్తుంది. వేటలో ఏమీ దొరక్క ఉత్త చేతులతో వచ్చిన మగాడికీ, అసలు వేటకే పోకుండా ఊళ్లో ఉండిపోయిన మగాడికీ పేడనీళ్లతో స్నానం. రమణి మాటంటే మాటే. ఫల్గుణకి ఆ సంగతి పెళ్లి నాటి నుంచీ తెలుసు.

ఆ తర్వాత అతను తోటలో పొద్దు వాలేదాకా పనిచేసి, అప్పుడు పాకలో అడుగు పెట్టేవాడు. భయం వేసినప్పుడు మనిషికి పద్ధతి వస్తుంది. వరహాలరావు కడ్డీ అతికించి తెచ్చాడు, అసలైన గేరునూనె తెచ్చాడు. బ్రేకులు కట్టారు, తుప్పు గీకారు, నల్లరంగు వేశారు. కోడిపెట్టకి గంపలో కొత్త కాపురం పెట్టారు. ఒక్కోసారి పని ఆపి ఫల్గుణ ఊరికే స్టీరింగు ముందు కూర్చునేవాడు. దాని వంపులో తన వేళ్లు ఎక్కడ అరగదీశాయో చీకట్లో తడిమినా తెలిసేది. ఇనప సామాన్లవాడు దీన్ని సుత్తితో ముక్కలు చేస్తాడన్న ఊహ వస్తే వెంటనే దిగి మళ్లీ పనిలో పడేవాడు.

పండగ రానే వచ్చింది. తెల్లారగట్లే మగవాళ్లంతా డప్పులతో అడవికి వెళ్లిపోయారు. ఫల్గుణ వెళ్లలేదు. సీటు మీద పసుపు చల్లి, దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాడు. బ్యాటరీకి ఇంజను తిప్పే ఓపిక లేదు. టిక్కుమని ఊరుకుంది. సరే, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పాడు. దగ్గింది, ఆగింది. తిప్పాడు. దగ్గింది, ఆగింది. ఒకసారి హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు బెణికింది. కింద రోడ్డు మీద ఆడవాళ్ల పాట వినిపిస్తోంది, మధ్య మధ్య నవ్వులు. ఎండ ఎక్కింది. చొక్కా విప్పి బనీనుతో మళ్లీ తిప్పబోతే చెయ్యి లేవలేదు. తోయమని పిలుద్దామంటే ఊళ్లో మగపురుగు లేదు. ఫల్గుణ బంపరుకి జారగిలబడి నేల మీద కూలబడ్డాడు. పోనీలే అనుకోవాలని చూశాడు. అనుకోలేకపోయాడు. ఏడుపొచ్చింది.

అంతలో ఆడవాళ్లే వచ్చారు. అతనికి సాయం చేద్దామని కాదు. వేటకి పోని మగాడు ఊళ్లో దొరికాడు కదా, పేడనీళ్ల కడవలతో, పాటతో, ఇంటి మీదికే వచ్చారు. ముందు వరసలో ముసలి సోములమ్మ, పక్కనే కడవ నెత్తిన పెట్టుకుని రమణి. కింద కూర్చున్న మొగుణ్ణి చూసి రమణి ఆగింది. ఆమె ఆగేసరికి పాటా ఆగింది. నల్లగా మెరుస్తున్న కారునీ, వాచిన మణికట్టునీ, తుడుచుకోవడం మర్చిపోయిన మొహాన్నీ చూసింది. కడవ దించి పక్కన పెట్టింది.

"లేసి లోపల కూకో," అంది.

ఫల్గుణ లేచి స్టీరింగు ముందు కూర్చున్నాడు. రమణి వెనక్కి వెళ్లి డిక్కీకి భుజం ఆనించింది. సోములమ్మ కొంగు నడుముకి చుట్టింది. మిగతావాళ్లు చెరోపక్కా పట్టారు. గెడ దగ్గర పాడే పాటే పాడుతూ తోశారు. పాక గడప దాటింది, పెరడు దాటింది, వాలు అందుకుంది. ఫల్గుణ రెండో గేరులో క్లచ్చి వదిలాడు. కారు ఒక్క కుదుపు కుదిపి, తుపాకీ పేలినట్టు పేలి, నల్లపొగ చిమ్మి, అందుకుంది. ఆ చప్పుడు అతను ఎరిగిన చప్పుడే. ఇరవై ఏళ్లు ఎక్కడికి పోయిందో గానీ ఒక్క పిసరు మారకుండా తిరిగొచ్చింది. పెద్దగా నవ్వుతున్నానని అతనికి తెలియనే లేదు.

ఆడవాళ్లు అడ్డదారిన పరుగెత్తి, కారు కన్నా ముందే రోడ్డెక్కి గెడ అడ్డం పెట్టేశారు. ఊరి బండైతే మాత్రం, పండగ పండగే. ఫల్గుణ మెల్లగా వచ్చి, ఇంజను ఆపడానికి భయపడి, గురగురలాడిస్తూనే నిలబెట్టాడు. సోములమ్మ చేట చాచింది. అతను జేబు తడుముకున్నాడు. బనీనుకి జేబెక్కడిది? అందరూ నవ్వుతుంటే అతని కళ్లు రమణిని వెతికాయి. షరతు తప్పానని తనే ఒప్పేసుకోవాలి.

"తనంతట తాను రావాలన్నావు గదా," అన్నాడు. "నువ్వు తోత్తే వచ్చింది."

రమణి కాసేపు కారుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"నాను తోసింది పెరట్లో," అంది. "గెడ కాడికి అదే వచ్చింది."

కొంగు ముడి విప్పి, అందులో ఉన్న రూపాయి బిళ్ల తీసి చేటలో వేసింది. గెడ పట్టుకున్నవాళ్లతో, "ఎత్తండే, మా బండి ఎల్లాల," అంది.

గెడ లేచింది. ఫల్గుణ వెనక తలుపు తీయబోయాడు. కంట్రాక్టరు కూర్చున్న చోట ఆమెని కూర్చోబెట్టాలని అతని ఆశ. ఆమె అటు చూడలేదు. చుట్టూ తిరిగొచ్చి ముందు తలుపు తీసుకుని అతని పక్కన కూర్చుంది. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి సర్దుకుంది. కారు కదిలింది. సుంకరమెట్ట వైపు రోడ్డు దిగుతుంటే తెరిచిన కిటికీలోంచి కాఫీ పూల వాసన వచ్చింది.

"బేగి తిప్పీ," అంది రమణి కాసేపటికి. "పాక ఊడ్సుకోవాల."

ఫల్గుణ సరేనని, సంత దాకా వెళ్లి తిప్పాడు.