చెయ్యి వేసే ముందు

మొన్న ఆదివారం పొద్దున మా రామంతాపూర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మంట మీద తడి గోనెసంచి ఎలా కప్పాలో ఆడవాళ్లకు చూపిస్తున్నాను. మంట ఆరిపోగానే తడి గోనె కమురు వాసన గుప్పుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఒక్క క్షణం అక్కడ లేను. తార్నాకను ఆనుకుని ఉన్న క్యాంపస్ మైదానంలో, నేత చీర కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డ రత్నకుమారి మేడమ్ ఎదుట ఉన్నాను.

ఆమె యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చెప్పేవారు. సొంతూరు మచిలీపట్నం వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. తండ్రి అక్కడి చర్చిలో పనిచేసేవారట. వరదో అగ్నిప్రమాదమో వస్తే, సాయం బయటినుంచి చేరేలోపు చుట్టుపక్కల వాళ్లే చేయగలిగింది చాలా ఉంటుందని ఆమె నమ్మకం. అందుకే ఆదివారం సాయంత్రాలు విద్యార్థులనూ, దగ్గరి బస్తీల ఆడవాళ్లనూ ఒకచోట చేర్చి శిక్షణ ఇచ్చేవారు. నేను భువనగిరి దగ్గరి పల్లె నుంచి ఎమ్మే చదవడానికి వచ్చి హాస్టల్లో ఉండేదాన్ని. సేవాభావం లాంటిదేమీ లేదు. శిక్షణ అయ్యాక చాయ్, సమోసా ఇస్తారని మా క్లాస్‌మేట్ యాదగిరి చెబితే అతని వెంట వెళ్లాను.

మొదటి రోజే మేడమ్ చూపు నా మీద పడింది. "ఏమ్మా, నీ పేరేంటి? స్వరూపా? రా, ఈ దుప్పటి మీద పడుకుని కళ్లు మూసుకో" అన్నారు. పడుకున్నాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఉన్నట్టుండి వీపు కింద నేల మాయమైంది. తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు ఊగాయి. కెవ్వుమని అరిచాను. చుట్టూ నవ్వులు. కిందికి దించాక మేడమ్ ఒక్కరే నవ్వకుండా అడిగారు.

"ఎలా అనిపించింది?"

"పడేస్తరనుకున్న మేడమ్. పానం పోయినట్టయింది."

"సరే, మళ్లీ పడుకో."

ఈసారి ఆమె నా తల దగ్గర కూర్చున్నారు. "స్వరూపా, నలుగురు నిన్ను దుప్పటితో ఎత్తబోతున్నారు. నీ కుడివైపు యాదగిరి ఉన్నాడు. కొంచెం ఊగుతుంది, భయం లేదు. ఎత్తమంటావా?" అన్నారు. "ఎత్తుండ్రి" అన్నాను. అవే చేతులు, అదే దుప్పటి. కానీ ఈసారి ఊయలలో ఉన్నట్టుంది. మేడమ్ అందరివైపూ తిరిగారు. "చూశారుగా. దెబ్బ తగిలినవాళ్లకి కూడా చెవులుంటాయి, నోరుంటుంది. చెయ్యి వేసే ముందు చెప్పండి. అడగండి. మోసేది మనిషిని, సామాన్ని కాదు."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో కొన్నాళ్లకు తెలిసింది. శిక్షణ ముగించుకుని ఇద్దరం తార్నాక వైపు నడుస్తున్నాం. "మా చిన్నప్పుడు తుపాను వచ్చింది" అని ఆమె తనంతట తానే మొదలుపెట్టారు. "నీళ్లలో నిలబడ్డ మా మామ్మని ఎవరో వెనకనుంచి పట్టి పడవలోకి లాగేశారు. మంచోళ్లే, ప్రాణం నిలబెట్టారు. కానీ ఆవిడ బతికినన్నాళ్లూ నిద్రలో ఉలిక్కిపడి, 'ఎవరు లాగారే నన్ను?' అనేది. లాగినవాళ్ల మొహం చూడలేదు కదా పాపం."

అలాగని ఆమె మెత్తని మనిషేం కాదు. ఒక మిట్టమధ్యాహ్నం తార్నాక చౌరస్తా బస్టాప్‌లో ఒకతను కుప్పకూలాడు. క్షణంలో జనం మూగారు. "అరె, జర జరుగుండ్రి" అని అందరూ అంటున్నారు, ఎవరూ జరగడం లేదు. మేడమ్ సంచి నా చేతికిచ్చి లోపలికి చొచ్చుకుపోయారు. "నీలం చొక్కా బాబూ, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి. చేసి, ఏమన్నారో నాకు చెప్పు. అమ్మా, మీ గొడుగు ఇతని మొహానికి అడ్డం పట్టండి. మీరిద్దరూ వెనక్కి తిరిగి నిలబడి జనాన్ని ఆపండి" అన్నారు, క్లాసులో పిల్లలకు చెప్పినట్టే. అంతవరకూ చోద్యం చూస్తున్నవాళ్లు పనివాళ్లైపోయారు. ఆమె అతని ఊపిరి చూసి, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. కాసేపటికి అతను కళ్లు తెరిచి, పొద్దున్నుంచి ఏమీ తినలేదని చెప్పాడు. అంబులెన్స్ వచ్చి అతన్ని తీసుకెళ్లాక గొడుగామె మేడమ్ చెయ్యి పట్టుకుని, "నాకు పని చెప్పినవ్ గని, లేకుంటె నేను గూడ చూసుకుంట నిలబడేదాన్ని" అంది. మేడమ్ ఆ రోజంతా ఆ మాట తలుచుకుని మురిసిపోయారు. "సాయం చేద్దామనే ఉంటుందే అందరికీ. ఎవరో ఒకరు వేలు చూపించి పని చెప్పాలి, అంతే" అన్నారు నాతో.

ఆ ఏడు వానాకాలంలో మా వంతు వచ్చింది. రెండు రోజులు విడవకుండా వాన కొట్టి, రైలు పట్టాల అవతలి పల్లపు బస్తీలోకి నాలా నీళ్లు ఎక్కాయి. మేడమ్ ముందు అక్కడ కరెంటు తీయించి, మమ్మల్ని పిలిచారు. అప్పటికే మోకాళ్ల నొప్పులతో ఆమె నీళ్లలో దిగలేని స్థితి. బస్తీ బడి వరండాలో నిలబడి, తాడూ దుప్పటీ నా చేతికిచ్చి, "నేను రాలేను. నువ్వు ముందుండు" అన్నారు.

చాలామంది తమంతట తామే వచ్చేశారు. చివరి సందులో ఒక ఇల్లు మిగిలింది. పక్షవాతంతో మంచం పట్టిన నర్సింహ అనే పెద్దాయన ససేమిరా రానంటున్నాడు. మంచం కోళ్లు సగం మునిగాయి. ఆయన భార్య అండాలు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"పోయినేడు గిట్లనే నీళ్లొచ్చినయ్ బిడ్డా. పోరగాళ్లు వచ్చి కాళ్లు రెక్కలు వట్టి గుంజిండ్రు. నడుమల నీళ్లల్ల పడేసిండ్రు. లుంగి ఊడిపోయింది. అందరు చూసి నవ్విండ్రు, ఫోన్లల్ల తీసిండ్రు. గప్పటిసంది ఇల్లు కదల్తలేడు" అంది.

యాదగిరి నా చెవిలో, "నీళ్లు పెరుగుతున్నయ్. ఎత్తుకపోదాం పా" అన్నాడు. అతను చెప్పిందీ తప్పు కాదు. అయినా మంచం పక్కన వంగి, ఆయన మొహం నాకు, నా మొహం ఆయనకు కనబడేలా నిలబడ్డాను.

"తాతా, నా పేరు స్వరూప. నిన్ను ఎవ్వలు గుంజరు. ఈ దుప్పట్ల పండుకోబెట్టి నలుగురం మోస్తం. లుంగి మీద ఇంకో దుప్పటి చుట్టి గట్టిగ ముడేస్త. అమ్మ నీ పక్కనే నడుస్తది. ఎవ్వలు ఫోటో తియ్యరు, నేను తియ్యనియ్య. ఎత్తమంటవా?"

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నీళ్లు నా మోకాళ్ల పైకి వచ్చాయి. ఆఖరికి, "మంచిగ ముడెయ్యి" అన్నాడు.

ఎత్తాం. మలుపు వచ్చిన ప్రతిసారీ ఆయనకు చెబుతూ, సందు వెంబడి కట్టిన తాడును ఆనుకుని మెల్లగా నడిచాం. బడి కనబడేసరికి దుప్పటిలోంచి ఆయన గొంతు వినిపించింది. "నేను సిటీ బస్సుల కండక్టర్‌గ చేసిన బిడ్డా. టికెట్ లేకుంట ఎక్కుడు నా జన్మల ఇదే మొదలు." యాదగిరికి నవ్వాగలేదు. మోస్తున్న వాళ్లందరం నవ్వాం. అండాలమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మేడమ్ వరండా మెట్టు దిగి ఎదురొచ్చి, "నర్సింహ గారూ, రండి, వేడి చాయ్ ఉంది" అన్నారు. మా మాటల్లోంచి ఆయన పేరు ఎప్పుడు పట్టుకున్నారో!

నన్ను పొగుడుతారేమోనని పక్కనే నిలబడ్డాను. ఆమె నా తడి జుట్టు చూసి, "తల తుడుచుకో, జలుబు చేస్తుంది" అన్నారు. అంతే. కానీ తువ్వాలు తనే తెచ్చి ఇచ్చారు.

రిటైరయ్యాక ఆమె మల్కాజ్‌గిరిలో చెల్లెలి దగ్గర ఉండి, అక్కడి వీధిలో కూడా శిక్షణ మొదలుపెట్టారు. రెండేళ్ల కిందట నిద్రలోనే వెళ్లిపోయారు. ఆమె లేని లోటు తెలుస్తూనే ఉంటుంది, కానీ తలుచుకున్నప్పుడు మనసు బరువెక్కదు. తృప్తిగా బతికిన మనిషి.

ఆ వానాకాలం తర్వాత నేను మళ్లీ వరద నీళ్లలో దిగే అవసరం రాలేదు. ఆమె నేర్పినది మాత్రం రోజూ ఎక్కడో ఒకచోట వాడుతూనే ఉన్నాను. ఈ మధ్య మా అమ్మకు మోకాలి ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే ముందు, స్ట్రెచర్ మీదికి మార్చడానికి ఇద్దరు వచ్చారు. అమ్మ మంచం అంచును గట్టిగా పట్టుకుంది. వాళ్లను ఒక్క నిమిషం ఆగమని, అమ్మ మొహానికి దగ్గరగా వంగాను.

"అమ్మా, ఈ అన్నలు నిన్ను మెల్లగ ఎత్తి ఆ బండి మీద పండుకోబెడ్తరు. ఆ తలుపు దాక నేను నీ పక్కనే నడుస్త. లోపలికి నన్ను రానియ్యరు గని, బయటనే ఉంట. ఎత్తమంటవా?"

అమ్మ వాళ్లిద్దరి మొహాలూ ఒకసారి చూసింది. తర్వాత మంచం అంచు వదిలి, కొంగు సర్దుకుంది.

"ఎత్తుండ్రి కొడుకా" అంది.